లావు టైర్ల సైకిలు: మా ఇంటి కమిషనింగు

కర్మాగారంలోకి కొత్త యంత్రం వచ్చిన రోజున జరిగే తతంగం మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పెట్టె విప్పే ముందు సరుకు పట్టిక, విప్పిన తరువాత తనిఖీ పత్రం, పునాది బోల్టులు బిగించిన తరువాత సంతకాలు, ఖాళీగా తిప్పి చూడడం, చిట్టచివరనే భారం వేయడం. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ క్రమాన్ని పదిమందికి బోధిస్తూ వచ్చిన మేము, మా వరండాలోకి ఒక సైకిలు వచ్చిన నాడు మాత్రం దానిని పూర్తిగా విస్మరించాము. తత్ఫలితంగా మా అమ్మాయి కుడిచేతి మణికట్టు ఎముక చిట్లింది. సైకిలు వంటి చిన్న వస్తువుకు ఇంత వ్యాసం అవసరమా అని సంపాదకులు మమ్ములను అడిగారు. మణికట్టు సంగతి చెప్పిన తరువాత మళ్ళీ అడగలేదు.

మేము కొన్నది మామూలు సైకిలు కాదు. ఈ మధ్య మన టౌన్‌షిప్ వీధులలో కుర్రవాళ్ళు తొక్కుతూ కనిపిస్తున్న లావు టైర్ల సైకిలు. మన తరం వారందరూ ఎక్కి తిరిగిన నల్ల సైకిలు టైరు వెడల్పు అంగుళంన్నర. దీని టైరు వెడల్పు నాలుగు అంగుళాలు. దూరం నుంచి చూస్తే మోటారు సైకిలు చక్రాలను ఎవరో సైకిలుకు తగిలించినట్లు ఉంటుంది. మోకాళ్ళు పట్టివేస్తున్నాయని మన ఆసుపత్రిలో చూపించుకున్నప్పుడు, డాక్టరుగారు నడవడమో సైకిలు తొక్కడమో మొదలుపెట్టమన్నారు. నడకకు మాకు ఓపిక ఉన్నది గాని సమయం లేదు. సైకిలే అయితే సముద్రం ఒడ్డున ఇసుకలో కూడా పోయే సైకిలు తీసుకుందామని పట్టుబట్టినది మా అమ్మాయి. విశాఖ తీరాన ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి, సముద్రాన్ని సెలవు రోజున మాత్రమే చూస్తున్నారన్నది ఆమె ఫిర్యాదు. అది నిజమే.

ఇసుకకు పనికివచ్చే ఈ వాహనం ప్రధానంగా మంచులో రూపుదిద్దుకున్నది. అమెరికాలోని అలాస్కాలో 1987లో ఇడిటాబైక్ అనే సైకిలు పందెం మొదలయింది. మెత్తని మంచులో సన్నటి టైర్లు దిగబడిపోతుంటే అక్కడివారు రెండు రిమ్ములను పక్కపక్కన కలిపి అతికించి, వెడల్పు చక్రాలు చేసుకున్నారు. ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణానికి చెందిన సైమన్ రాకోవర్ 44 మిల్లీమీటర్ల వెడల్పు రిమ్ములను తయారు చేశాడు. దక్షిణాన ఎడారి రాష్ట్రమైన న్యూ మెక్సికోలో రే మొలీనా అనే ఆయన ఇసుక దిబ్బల కోసం 82 మిల్లీమీటర్ల రిమ్ములను, వాటికి తగిన టైర్లను తయారు చేయించాడు. ఈ రెండు దారులూ కలిసి, 2005లో సర్లీ అనే సంస్థ ‘పగ్స్‌లీ’ పేరుతో 3.7 అంగుళాల టైర్లున్న సైకిలును మార్కెట్టులోకి తెచ్చింది. అక్కడినుంచి ఇది లోకమంతా పాకింది. ఇప్పుడు మన దేశంలో కూడా పలు సంస్థలు వీటిని అమ్ముతున్నాయి.

మా సైకిలు అట్టపెట్టెలో వచ్చింది. ‘85 శాతం అమర్చబడినది’ అని పెట్టెపై రాసి ఉన్నది. మిగిలిన 15 శాతంలో హ్యాండిలు, ముందు చక్రం, సీటు, పెడల్స్ ఉన్నాయి. అంటే మనిషి చేతులు, కాళ్ళు, నడుము ఆనేవన్నీ ఆ పదిహేను శాతంలోనే ఉన్నాయన్నమాట. దానితో పాటు నాలుగు అలెన్ కీలు, ఒక రేకు స్పానరు, అతి చిన్న అక్షరాల పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకాన్ని మేము తెరవలేదు. టర్బైన్లు అమర్చిన చేతులకు సైకిలు పుస్తకమెందుకన్న అహంకారం మాకున్నదని ఇక్కడ ఒప్పుకొనడమే మర్యాద.

శనివారం సాయంత్రం గంటన్నరలో పని ముగించాము. పెడల్స్ విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాము. ఎడమ పెడల్‌కు ఎదురు మర ఉంటుందని, దానిని బలవంతంగా తిప్పితే క్రాంకు మర చెడిపోతుందని చిన్ననాటి నుంచే తెలుసును. హ్యాండిలును ఫోర్కు గొట్టంపై దింపి, పైనున్న బోల్టును గట్టిగా బిగించాము. హ్యాండిలు కదలలేదు. తృప్తిపడి చేతులు కడుగుకున్నాము. ‘‘నేను ఒక్క రౌండు వేసి వస్తాను నాన్నగారూ’’ అంటూ అమ్మాయి బయలుదేరింది. మా సెక్టారు చివరి మలుపు దగ్గర ఎదురుగా స్కూటరు వస్తే హ్యాండిలు తిప్పింది. హ్యాండిలు తిరిగింది, చక్రం తిరగలేదు. చక్రం తన దారిన నేరుగా పోయి కాలిబాట అంచుకు కొట్టుకున్నది. అమ్మాయి చేయి ఆనించి పడింది. స్కూటరు మీద వచ్చిన వారే ఆమెను మా ఇంటికి చేర్చి, మాతో ఆసుపత్రి వరకు వచ్చారు.

ఆరు వారాల పిండికట్టు. మూడు వారాలలో ఆమెకు సెమిస్టరు పరీక్షలు. కుడిచేయి కావడం వలన పరీక్షలు వేరొకరి చేత రాయించవలసి వచ్చింది. ఆమె సమాధానాలు చెబుతుంటే, జూనియర్ విద్యార్థిని ఒకతె రాసింది. సమీకరణాలు నోటితో చెప్పడం ఎంత కష్టమో ఆ పది రోజులు ఇంట్లో అభ్యాసం చేయించినప్పుడు మాకు తెలిసింది. మా శ్రీమతి మమ్ములను ఒక్క మాట కూడా అనలేదు. పాఠక మిత్రులలో గృహస్థులైన వారికి దీని బరువు తెలుస్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక వరండాలో దీపం వేసుకుని హ్యాండిలు విప్పి చూశాము. పొరపాటు పది నిమిషాలలో బయటపడింది. పాత నల్ల సైకిలు హ్యాండిలు కాడ ఫోర్కు గొట్టం లోపలికి దిగుతుంది. పైనున్న పొడవాటి బోల్టు బిగిస్తే, అడుగున ఉన్న ముక్క పైకి లాగబడి, కాడ గొట్టంలో బిగుసుకుంటుంది. అక్కడ పై బోల్టే సర్వస్వం. కొత్త సైకిలులో అమరిక దీనికి పూర్తిగా భిన్నం. ఫోర్కు గొట్టం పైదాకా వస్తుంది. హ్యాండిలును మోసే స్టెమ్ అనే భాగం ఆ గొట్టాన్ని బయటినుంచి పిడికిలిలాగ పట్టుకుంటుంది. ఆ పిడికిలిని బిగించేవి పక్కనున్న రెండు చిన్న బోల్టులు. పై బోల్టు చేసే పని ఒక్కటే, ఫోర్కు బేరింగులలో సందు లేకుండా కిందికి నొక్కి ఉంచడం. మేము పై బోల్టును విపరీతంగా బిగించాము. పక్క బోల్టులను వేలితో తిప్పిన స్థితిలోనే వదిలివేశాము. నిలబెట్టి చూసినప్పుడు ఆ నొక్కుడు వలన కలిగిన రాపిడికే హ్యాండిలు కదలకుండా ఉన్నది. మలుపులో బలం పడగానే జారిపోయింది. ఏమీ తెలియనివాడు పుస్తకం తెరిచి ఉండేవాడు. మాకు పాత సైకిలు తెలుసు కనుకనే ఈ తప్పు జరిగింది.

మరునాడు ఉదయం మన కర్మాగారంలో వాడే ఎర్ర ట్యాగు ఒకటి హ్యాండిలుకు వేలాడదీశాము. ‘పని జరుగుచున్నది, నడపరాదు’ అన్నది అందులోని వాక్యం. ఆ ట్యాగు రెండు వారాలు అలాగే ఉన్నది. ఈసారి అమ్మాయి పిండికట్టు చేతిని ఒడిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని ఒక్కొక్క అంశం చదివింది. మేము చేసి, ‘అయింది’ అని చెప్పాలి. అప్పుడే తరువాతి అంశం. ‘‘అయింది అంటే సరిపోదు నాన్నగారూ, ఎన్ని న్యూటన్ మీటర్లో చెప్పండి’’ అనేది. ఒక మిత్రుని వద్ద చిన్న టార్క్ రెంచి ఎరవు తెచ్చాము.

ముందుగా పక్క బోల్టులు వదులు చేసి, పై బోల్టును కొద్దికొద్దిగా బిగించాలి. ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనుకకూ ఊపితే తల దగ్గర టకటకమనే కదలిక ఉండకూడదు. అలాగని హ్యాండిలు తిప్పినప్పుడు బరువుగానూ ఉండకూడదు. ఆ స్థితి రాగానే హ్యాండిలును చక్రంతో సూటిగా సరిచూసుకుని, పక్క బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా, వంతుల వారీగా బిగించాలి. మా స్టెమ్‌పై అచ్చువేసిన విలువ 5 న్యూటన్ మీటర్లు. హ్యాండిలు గొట్టాన్ని పట్టుకునే ముందు మూతకు నాలుగు బోల్టులుంటాయి. వాటిని ఫ్లాంజి బోల్టులలాగ ఎదురెదురుగా బిగించి, పైనా కిందా సందు సమానంగా ఉన్నదో లేదో చూడాలి. ఇక చివరి పరీక్ష: ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, హ్యాండిలును రెండు చేతులతో బలంగా తిప్పి చూడడం. జారకూడదు. అర నిమిషం పట్టే పరీక్ష. ఆ శనివారం మేము చేయనిది అదే.

డిస్కు బ్రేకులు మాకు కొత్త. చక్రంతో పాటు తిరిగే ఉక్కు పళ్ళెాన్ని రెండు పట్టీలు రెండు వైపులా నొక్కుతాయి. బ్రేకు మీట నొక్కి పట్టుకుని, క్యాలిపరు బోల్టులు రెండూ బిగిస్తే పట్టీలు పళ్ళెానికి సమాంతరంగా సర్దుకుంటాయి. ఆ పళ్ళెాన్ని నూనె చేతులతో తాకరాదు; ఒక్క వేలిముద్ర అంటినా కీచుమనడం మొదలుపెడుతుంది. కొత్త పట్టీలు మొదటి రోజు సరిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద మోస్తరు వేగంతో పోయి, నెమ్మదిగా బ్రేకు వేసి వేగం తగ్గించడం ఇరవై సార్లు చేస్తే పట్టీ పదార్థం పళ్ళెం మీద పలుచగా పరచుకుని పట్టు వస్తుంది. మేము ఇరవై ఐదు లెక్కపెట్టాము. వీధిలోని పిల్లలు కూడా మాతో పాటు బిగ్గరగా లెక్కపెట్టారు.

గేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాము. వెనుక గేరు మార్చే పరికరానికి ‘ఎల్’, ‘హెచ్’ అని రెండు చిన్న మరలుంటాయి. అవి దాని ప్రయాణానికి లిమిట్ స్విచ్చుల వంటివి. ‘ఎల్’ మర సరిగా లేకపోతే చైను పెద్ద పళ్ళచక్రాన్ని దాటి స్పోకులలో పడుతుంది, చక్రం పాడవుతుంది. వాటిని సరిచేసిన తరువాతనే తీగ బిగువు చూసుకోవాలి.

అసలు విద్య అంతా గాలిలో ఉన్నది. సైకిలుకు గాలి కొట్టడంలో విద్య ఏమున్నదని మేమూ అనుకున్నాము. నల్ల సైకిలు టైరును బొటనవేలితో నొక్కి, రాయిలాగ ఉంటే బయలుదేరేవాళ్ళము. ఈ టైరు రాయిలాగ ఉంటే అది తప్పు. మా టైరు పక్కగోడపై ఉన్న గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 20 పౌండ్లు మాత్రమే. ఇంత లావు టైరుకు ఇంత తక్కువ గాలి ఏమిటన్న సందేహం బాయిలరు పెంకు లెక్క తెలిసిన వారికి వెంటనే తీరుతుంది. పెంకులో పుట్టే తన్యత పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించినంత. అంగుళంన్నర టైరులో 60 పౌండ్ల గాలి ఉంటే టైరు బట్టపై అంగుళానికి 45 పౌండ్ల లాగుడు పడుతుంది. నాలుగు అంగుళాల టైరులో 30 పౌండ్లు కొడితేనే ఆ లాగుడు 60కి చేరుతుంది. అందుచేత పెట్రోలు బంకులోని గాలి గొట్టాన్ని దీనికి తగిలించడం ప్రమాదకరం. చేతి పంపు శ్రేయస్కరం. ఆయాసం వచ్చినా డాక్టరుగారు చెప్పిన వ్యాయామంలో అదీ ఒక భాగమనుకోవచ్చు. గేజి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 160 పౌండ్ల వరకు కొలిచే గేజితో 8 పౌండ్లు కొలవడం, లారీల తూనికపై వంకాయలు తూచడం వంటిది. మేము 30 పౌండ్ల గేజి వేరుగా కొన్నాము.

తక్కువ గాలి ఎందుకు కావాలో మరొక చిన్న లెక్క చెబుతుంది. మా బరువు 72 కిలోలు, సైకిలు బరువు 18. మొత్తం 90లో అరవై శాతం, అంటే 54 కిలోలు వెనుక చక్రంపై పడుతుందనుకుందాము. టైరు గోడ బిరుసును పక్కన పెడితే, నేలకు ఆనే వైశాల్యం ఆ బరువును గాలి పీడనంతో భాగించినంత. నల్ల సైకిలులో 50 పౌండ్ల గాలి, అనగా చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు ఉంటే ఆనే జాగా సుమారు 15 చదరపు సెంటీమీటర్లు. 10 పౌండ్ల గాలితో అదే బరువుకు 77 చదరపు సెంటీమీటర్లు. టైరు లావు వలన వచ్చే మేలు ఇదే: అంత తక్కువ గాలితోనూ రిమ్ము నేలకు తగలకుండా, ట్యూబు చిట్లకుండా మనిషిని మోయగలదు.

తారు రోడ్డు మీద మొదటి వారం మాకు సుఖంగా గడవలేదు. 20 పౌండ్లు కొట్టి బయలుదేరితే ప్రతి గతుకు దగ్గరా సైకిలు బంతిలాగ ఎగిరింది. టైరు మంచి స్ప్రింగే గాని, ఆ ఊపును చంపే డాంపరు అందులో లేదు. తొక్కుడు లయతో ఆ ఎగురుడు కలిసినప్పుడు సీటు మీద కూర్చున్నవారి పరిస్థితి హాస్యాస్పదంగా ఉంటుంది. సరేనని 8 పౌండ్లకు దింపితే ఇంకొక ఇబ్బంది. మలుపులో హ్యాండిలు తనంత తాను లోపలికి లాగుకుపోవడం మొదలుపెట్టింది; తిరిగి సూటిగా తేవడానికి భుజబలం కావలసి వచ్చింది. చివరకు రోడ్డుకు ముందు 14, వెనుక 16 మాకు కుదిరాయి. వేరొకరి బరువుకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి. అంతే కాక, ఉదయం చల్లని వేళ 10 పౌండ్లు కొట్టిన టైరు ఎండలో ఉండి 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే 12కు చేరుతుంది. తక్కువ పీడనంలో రెండు పౌండ్లంటే ఐదో వంతు తేడా.

పెడల్స్ మధ్య దూరం కూడా అలవాటు కావాలి. వెనుక టైరుకు చోటు ఇవ్వడం కోసం క్రాంకు ఇరుసును వెడల్పు చేస్తారు కనుక కాళ్ళు ఎడంగా పడతాయి. మొదట్లో మా మోకాళ్ళు బయటివైపు నొప్పి పెట్టాయి. సీటు తక్కువగా ఉండడం కూడా ఇందుకు కారణమని తరువాత గ్రహించాము. మడమ పెడల్‌పై ఉంచినప్పుడు కాలు పూర్తిగా చాచేంత ఎత్తుకు సీటు పెంచితే, పాదం ముందుభాగంతో తొక్కినప్పుడు మోకాలిలో స్వల్పమైన వంపు మిగులుతుంది. ఆ మార్పు చేసిన నాలుగు రోజులకు నొప్పి పోయింది.

నెల గడిచాక ఒక ఆదివారం తెల్లవారుజామున అప్పికొండ తీరానికి వెళ్ళాము. సోమేశ్వరస్వామి ఆలయం దగ్గర దర్శనం చేసుకుని ఇసుకలోకి దిగాము. పట్టుమని పది గజాలు పోకముందే చక్రం కూరుకుపోయి ఆగిపోయింది. మళ్ళీ ఎక్కాము, మళ్ళీ ఆగింది. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కొంతసేపు చూసి, ‘‘గాలి తీసీండి బావూ’’ అన్నాడు. ట్రాక్టరు ఇసుకలో దిగబడితే తామూ అదే చేస్తామట. 14 పౌండ్ల గాలిని 6కు దించాము. టైరు నేలపై మజ్జిగలో నానిన గారెలాగ పరచుకున్నది. ఈసారి సాగింది. ‘‘పొడి మీద కాదు, తడి మీద తొక్కండి’’ అని ఆయనే మళ్ళీ చెప్పాడు. ఆటు సమయంలో నీరు వెనుకకు తీసిన చోట ఇసుక రేణువుల మధ్య మిగిలిన తడి వాటిని పట్టి ఉంచుతుంది; అక్కడ నేల సిమెంటులాగ గట్టిగా ఉంటుంది. మెత్తని చోట హ్యాండిలును గట్టిగా అదమకుండా, సీటుపై కొంచెం వెనుకకు జరిగి, చిన్న గేరులో ఆపకుండా తొక్కాలి. ఆపితే ఆగిపోయినట్లే. మూడవ ఆదివారానికి మాకు వరుసగా ఒక కిలోమీటరు తొక్కడం వచ్చింది. ఎడమవైపు సముద్రం, కుడివైపు సరుగుడు చెట్లు. ముప్ఫై ఏళ్ళలో ఆ వేళప్పుడు మేము ఆ తీరాన్ని చూడనే లేదు.

శీతకాలం చివరి నుంచి వేసవి వరకు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి పెట్టేది అలలు చేరని పైభాగపు ఇసుకలో. ఆ నెలలలో పైఇసుకలో సైకిలు నడపరాదు. తడి అంచునే నడపాలి. ఆరవేసిన వలలను తొక్కకపోవడం సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంటికి రాగానే మంచినీటితో కడగాలి. ఉప్పుగాలి ఇనుమును ఏమి చేస్తుందో మనకు తెలియనిది కాదు. అయితే గొట్టంతో బేరింగులపైకి నీళ్ళు చిమ్మితే గ్రీజు పోయి ఉప్పు లోపల చేరుతుంది. బక్కెటు, గుడ్డ చాలు. చైను ఆరిన తరువాత నూనె వేసి, పైన మిగిలినది పూర్తిగా తుడవాలి. నూనె, ఇసుక కలిస్తే వాల్వు సీటులు అరగదీసే ముద్ద తయారవుతుంది. మొదటి వారం మేము నూనె ధారాళంగా పోసి, చైనును నిజంగా అరగదీశాము.

ఏడవ వారంలో పిండికట్టు విప్పారు. ఆమె పరీక్షలు అప్పటికి అయిపోయాయి. ఒక్క సబ్జెక్టులో మార్కులు తగ్గాయి. దానికి కారణం చేయి కాదని ఆమె అంటున్నది. మరో మూడు వారాలు ఆసుపత్రిలో చెప్పిన చేతి వ్యాయామాలు చేసి, డాక్టరుగారి అనుమతి తెచ్చుకున్నది. ఆ సాయంత్రం సైకిలు వరండాలో సిద్ధంగా ఉన్నది. అన్నీ సరిచూశామని మేము చెప్పాము. ఆమె తల ఊపి, సైకిలు ముందుకు వెళ్ళి నిలబడి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిలును రెండు చేతులతో తిప్పి చూసింది. తరువాత ముందు బ్రేకు పట్టి ఊపి చూసింది. గేజి తెమ్మని అడిగింది. మేము లోపలికి వెళ్ళి గేజి తెచ్చి ఇచ్చాము.